మెడలో మెడల్, చేతికి బీపీ పట్టీ

మీకు అరవై రెండేళ్ళు అనుకుందాం. రేపు పొద్దున టెన్‌కే పరుగు. ఇవాళ బిబ్ తెచ్చుకోవడానికి వెళ్ళారు. హాల్లో ఓ మూల ఉచితంగా బీపీ చూసే టేబుల్ కనిపించింది. ఊరికే వచ్చేది వదలడం ఎందుకని చెయ్యి చాపారు. సిస్టర్ మిషన్ వంక ఒకసారి, మీ బక్కపల్చటి ఒంటి వంక ఒకసారి చూసి, ‘‘సార్, 168 బై 96’’ అంది.

మీరేమన్నారు?

పందెం కాస్తాను, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అని ఉంటారు. ‘‘మీ మిషన్ సరిగ్గా లేదమ్మా.’’ ‘‘ఇప్పుడే మెట్లెక్కి వచ్చాను, అందుకే.’’ ‘‘రాత్రి నిద్ర చాల్లేదు.’’ ‘‘నేను పాతికేళ్ళ నుంచి పరుగెడుతున్నానమ్మా, నాకు బీపీ ఏంటి?’’

మొదటి మూడూ నిజమే కావచ్చు. కొంప ముంచేది నాలుగోది. యాభై ఏడో ఏట నేనన్నది కూడా అదే. మర్నాడు పరుగెత్తాను, టైమింగ్ బాగా వచ్చింది, ఆ టైమింగ్ చూసుకుని మురిసిపోయి ఇంకో ఏడాది బీపీ మిషన్ జోలికే పోలేదు. చివరికి కళ్ళద్దాల నంబరు మారిందని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, లైటు వేసి చూస్తూ చూస్తూ, ‘‘మీకు బీపీ ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?’’ అని అడిగాడు. కంటి వెనక సన్నటి రక్తనాళాలు నా గుట్టు ఆయనకు చెప్పేశాయి.

సాధన చేసి గుండె కండరాన్ని బలంగా చేసుకున్నారు, సంతోషం. ఆ కండరానికి రక్తం మోసుకొచ్చే గొట్టాల సంగతి వేరు. అవి వయసుతోపాటు గట్టిపడతాయి. తాతలిచ్చిన జీన్సు, పాతికేళ్ళ కిందట మానేసిన సిగరెట్లు, రోజూ కంచంలో పడే ఉప్పు వాటి మీద లెక్క రాసుకుంటూనే ఉంటాయి. స్టాప్‌వాచ్‌కు ఆ లెక్క తెలియదు.

జిమ్ ఫిక్స్ అనే అమెరికన్ గురించి విన్నారా? 1977లో ఆయన పరుగు మీద రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. అమెరికాలో మామూలు జనం షూ వేసుకుని రోడ్డెక్కడానికి ఆ పుస్తకం ఒక పెద్ద కారణమంటారు. ఆయన కూడా ముప్పై అయిదో ఏటి దాకా లావుగా, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లతో ఉన్న మనిషే. పరుగు మొదలుపెట్టి బరువు తగ్గాడు, సిగరెట్ మానేశాడు. 1984 జూలైలో, 52 ఏళ్ళ వయసులో, వెర్మాంట్ రాష్ట్రంలో రోజువారీ పరుగులో ఉండగానే గుండె ఆగి పోయాడు. పోస్ట్‌మార్టమ్‌లో గుండె రక్తనాళాలు బాగా మూసుకుపోయి కనిపించాయి. వాళ్ళ నాన్నకు 35 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది, 43కు చనిపోయాడు. ఫిక్స్ పోవడానికి కొన్ని నెలల ముందే డాక్టర్ కెన్నెత్ కూపర్ తన దగ్గర ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమంటే ఆయన వద్దన్నాడు.

పరుగు ఆయన్ను చంపిందని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. నాన్న కంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికాడు, అది పరుగు పుణ్యమే కావచ్చు. నాకు మనసులో ముల్లులా గుచ్చుకునేది ఆయన వద్దన్న ఆ పరీక్షే.

మన దగ్గరికి వస్తే, కపిల్ దేవ్‌కు 2020 అక్టోబరులో గుండెపోటు వచ్చింది, యాంజియోప్లాస్టీ చేశారు. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, 2021 జనవరి మొదట్లో, సౌరవ్ గంగూలీకి ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద ఉండగానే ఛాతీలో తేడా వచ్చింది. అప్పటికి ఆయనకు 48. ఇద్దరూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళారు, బయటపడ్డారు.

మరి ఆట మానేయమంటారా? అబ్బే, మానేస్తే బీపీ ఇంకా పెరుగుతుంది. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లు పరుగెత్తిన కోటీ తొమ్మిది లక్షల మంది లెక్క తీస్తే, పరుగులో గానీ ముగించిన కాసేపటికి గానీ గుండె ఆగిపోయినవాళ్ళు 59 మంది. అంటే దాదాపు లక్షా ఎనభై నాలుగు వేల మందికి ఒక్కరు. ఆ ఒక్కరు మనం కాకుండా చూసుకోవడానికి చేయాల్సిన పనులేమిటో చూద్దాం.

1. బీపీ చూసుకోవడం నేర్చుకోండి

400 మీటర్ల రౌండుకు సెకనులో పదో వంతు దాకా డైరీలో రాసుకునే మనిషి, బీపీ దగ్గరికి వచ్చేసరికి ‘‘ఆ, నార్మలే అన్నారు’’ అంటాడు. నార్మలంటే ఎంత? గుర్తుండదు!

మా పార్కులో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. వయసు 67, ఆరు కిలోమీటర్లు ఆగకుండా పరుగెడతారు. రోజూ ఇంటికి రాగానే మంచినీళ్ళు తాగి, చెమట తుడుచుకుని, బీపీ చూసుకుని రాసిపెట్టేవారు. 118, 116, 121. నోటు పుస్తకం నిండా అవే. మోకాలి నొప్పికని ఒక సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ 154. ఇంట్లో సాయంత్రం చూసుకుంటే 150. మాస్టారు కొత్త మిషన్ కొన్నారు, అదీ అంతే చూపించింది. అసలు కిటుకేమిటంటే, వ్యాయామం తర్వాత రక్తనాళాలు వదులుగా ఉండి కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే తక్కువ చూపిస్తుంది. మాస్టారు ఏడాదిపాటు సరిగ్గా ఆ వేళకే చూసుకున్నారు. అంకెలన్నీ నిజమే, వేళ తప్పు.

కాబట్టి ఇలా చేయండి. పొద్దున లేచి, బాత్రూమ్‌కు వెళ్ళొచ్చి, కాఫీకి ముందు, మాత్రకు ముందు, పరుగుకు ముందు చూసుకోండి. మళ్ళీ రాత్రి భోజనానికి ముందు. వీపు ఆనించుకునే కుర్చీలో అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద వద్దు, ఒంటికే చుట్టాలి. మాట్లాడకండి. ‘‘ఏమండీ, పాలవాడికి ఎంతివ్వాలి?’’ అని లోపలి నుంచి అడిగినా జవాబు చెప్పకండి, మాట్లాడితే అంకె పెరుగుతుంది. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి, రెండూ రాయండి. ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. డాక్టరుకు చూపించాల్సింది ఆ సగటు.

మణికట్టుకు పెట్టుకునే మిషన్లు వద్దు, మోచేతి పైన చుట్టేదే కొనండి. జిమ్ చేసి, ఈత కొట్టి చేతి కండలు పెంచుకున్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. మిషన్‌తో వచ్చిన పట్టీ మీకు చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. ఎన్ని సెంటీమీటర్ల చేతికి సరిపోతుందో పట్టీ మీదే అచ్చువేసి ఉంటుంది. టేపు పెట్టి చెయ్యి కొలుచుకుని సరిచూసుకోండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత చూసుకుంటూ ఉండండి. రెంటికీ తేడా పది దాటి ప్రతిసారీ వస్తుంటే డాక్టరుకు చెప్పండి.

2. అంకెను బట్టి రేపటి ప్రాక్టీసు

ఇంట్లో సగటు 135/85 లోపు ఉంటే మీ ప్లాన్ ప్రకారం కానివ్వండి. అది దాటితే ప్రాక్టీసు ఆపక్కర్లేదు గానీ డాక్టరును కలవడం వాయిదా వేయొద్దు. 2017 నుంచి అమెరికా డాక్టర్లు 130/80 నుంచే బీపీ అంటున్నారు, మన దగ్గర చాలామంది క్లినిక్‌లో చూసిన అంకెకు 140/90 గీత పట్టుకుంటారు. ఏ గీతయినా, 168 దానికి పైనే.

ఊరికే కూర్చున్నప్పుడే పై అంకె 160 దాటుతోందా? అదుపులోకి వచ్చేదాకా స్పీడు ఇంటర్వెల్స్, టోర్నమెంటు మ్యాచులు, పెద్ద బరువులు పక్కన పెట్టండి. ఎంత నడవొచ్చో డాక్టర్నే అడగండి. 180/110 చూపిస్తే ఆ రోజు షూ విప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. దానికి తోడు ఛాతీ బరువు, ఆయాసం, మాట తడబాటు, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే ఆటో కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక్కడ పెద్దవాళ్ళు చేసే పొరపాటొకటి ఉంది. ‘‘పైది 158 అయితేనేం, కింది అంకె 76 కదా, దానివల్ల ఏం కాదు’’ అనుకుంటారు. అరవై దాటాక గొట్టాలు బిగుసుకుంటే పై అంకె ఒక్కటే పెరిగి, కిందిది మామూలుగానే ఉంటుంది, తగ్గుతుంది కూడా. ఆ ఒక్కటి పెరిగినా బీపీయే. మందు కావాల్సిన బీపీయే.

3. మాత్ర గుణం తెలుసుకుని వాడండి

మా షటిల్ బ్యాచ్‌లో ఒకసారి విన్న మాటలివి.

‘‘అన్నా, రేపు సెమీస్ ఉంది. ఇయ్యాల గోలీ ఏసుకోలే.’’

‘‘ఎందుకు తమ్మీ?’’

‘‘ఏసుకుంటే కాళ్ళు బరువైతయ్. దమ్ము రాదు.’’

తమ్ముడికి 59, అన్నకు 64. మ్యాచ్ రోజు టెన్షన్, చేతిలో రాకెట్, ఎదురుగా పదేళ్ళుగా గెలవాలనుకుంటున్న మనిషి. బీపీ ఎక్కువగా పెరిగేది ఆ రోజే, మాత్ర మానేసింది కూడా ఆ రోజే. అయితే తమ్ముడి బాధ అబద్ధం కాదు. కొన్ని మాత్రలు నిజంగానే ఆటను మందగింపజేస్తాయి. మానేయడం బదులు మార్పించుకోవాలి. ‘‘డాక్టరుగారూ, నేను పోటీల్లో ఆడతాను’’ అన్న ఒక్క ముక్క మొదటిరోజే చెప్పండి. చాలామంది చెప్పరు. చెప్పకపోతే ఆయన మిమ్మల్ని పొద్దున పాల ప్యాకెట్టు తెచ్చుకునే రిటైర్డ్ ఉద్యోగి అనుకునే మందు రాస్తాడు.

అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. ఇవి వేసుకున్నాక చేతి గడియారంలో గుండె వేగం చూసి పరుగెత్తడం దండగ. ఎంత తోసినా అది మునుపటంత పెరగదు, ‘ఇంకా తేలిగ్గానే ఉన్నాను’ అని మీరు ఇంకా తోస్తారు. అలాంటప్పుడు మాటే కొలత. పక్కనున్న వాళ్ళతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే సరైన వేగం, రెండు ముక్కలకే ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. ఈ జాతి మాత్రల్ని ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. షూటింగ్, విలువిద్య లాంటి, చెయ్యి వణకకూడని ఆటల్లో ఇవి నిషేధం కూడా.

అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. బెణికిందనో షూ బిగుతైందనో అనుకుని నెల రోజులు ఐస్ పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. రామిప్రిల్ లాంటివి కొందరికి పొడి దగ్గు తెస్తాయి. టెల్మిసార్టాన్ జాతి మాత్రలతో ఆటకు పెద్ద ఇబ్బంది ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి నీటి మాత్రలు. ఒంట్లో నీరు, ఉప్పు బయటికి పంపి బీపీ తగ్గిస్తాయి. మే నెల ఎండలో, విజయవాడలోనో రామగుండంలోనో పొద్దున ఏడింటికే ఒళ్ళు తడిసిపోయే చోట, వీటి మీద పరుగెత్తితే కళ్ళు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. ఇంకో చిక్కుంది. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ వంటి నీటి మాత్రలన్నీ ప్రపంచ డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి, అన్ని ఆటల్లోనూ, ఏడాది పొడుగునా. వేరే మందుల జాడను మూత్రంలో పలుచన చేసి దాచేస్తాయని. వాటిని విడిగా ఎవరూ అడిగి కొనరు, బీపీ మాత్రలోనే కలిసి వస్తాయి. మీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉందేమో ఇప్పుడే లేచి వెళ్ళి చూడండి. సాధారణంగా అది హైడ్రోక్లోరోథయాజైడే. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో జాతీయ, ప్రపంచ స్థాయి పోటీలకు వెళ్ళేవాళ్ళు డాక్టరుతో మాట్లాడి మాత్ర మార్పించుకోవాలి, లేదంటే వైద్య మినహాయింపుకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ‘నాకు డెబ్బై ఏళ్ళు, నన్నెవడు పరీక్ష చేస్తాడు’ అనుకోకండి, ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో చేస్తారు.

మాత్ర వేసుకునేవాళ్ళు వారానికోసారి నిలబడి కూడా బీపీ చూసుకోండి. కూర్చుని చూసి, లేచి, మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే మందు మోతాదు చూడమని చెప్పాలి. ప్రోస్టేట్‌కు టాంసులోసిన్ వేసుకునే మగవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

4. బీపీ పెంచే ఇంటిదొంగలు

రేసు రోజు పొద్దున అయిదింటికి, స్టార్టింగ్ లైన్ వెనక, జేబులోంచి ఒక రేకు బయటికి వస్తుంది. ‘‘మోకాలికి సార్, ముందే ఒకటి వేసుకుంటే హాయి.’’ డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. మీ బ్యాచ్‌లో ఎంతమంది చేస్తారీ పని? మీరు?

ఈ నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పు, నీరు పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పనిని చెడగొడతాయి. టెల్మిసార్టానో రామిప్రిలో, దాంతో నీటి మాత్ర, పైన నొప్పి మాత్ర, ఆ మీద చెమటతో ఒంట్లో నీరు తగ్గడం అన్నీ కలిస్తే మూత్రపిండాలకు దెబ్బ. ఈ అధ్యాయంలో ఒక్క అలవాటే మానతానంటే, ఇది మానండి.

జలుబు బిళ్ళల్లో ముక్కు దిబ్బడ తీసే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ బీపీ పెంచుతాయి. సూడోఎఫెడ్రిన్ పోటీ వేళల్లో పరిమితి దాటితే డోపింగ్ కూడా. దగ్గుకని రోజూ అతిమధురం చప్పరించేవాళ్ళున్నారు. మొక్క వేరే కదా, ఏం చేస్తుందనుకుంటాం. ఎక్కువ రోజులు వాడితే పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుందది. గురక మాటేమిటి? రాత్రి గురక ఆగి ఆగి వస్తోందని, ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లో వాళ్ళు అంటుంటే నవ్వి ఊరుకోకండి. మందుకు లొంగని బీపీకి అదొక కారణం.

ఉప్పు గురించి చెబితే మీకు కోపం వస్తుంది కాబట్టి క్లుప్తంగా ముగిస్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, మజ్జిగ మిరపకాయ, అప్పడం మూడూ ఒకే పూట కంచంలో ఉంటే కూర చప్పగా వండుకున్నా లాభం లేదు. అరగంట నడిచొచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్ కలుపుకోవడం ఎందుకు? అది గంటల తరబడి చెమట కార్చినవాళ్ళకు.

5. ఊపిరి బిగబట్టకండి

1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు అయిదుగురు బాడీబిల్డర్ల ధమనిలో సూది పెట్టి, బరువు ఎత్తుతుండగా బీపీ కొలిచారు. రెండు కాళ్ళతో లెగ్ ప్రెస్ తోసినప్పుడు సగటు 320/250. ఒకరికి 480/350 దాటింది. కుర్రవాళ్ళ మెత్తటి గొట్టాలు కొన్ని క్షణాలపాటు ఓర్చుకున్నాయి. మనవి?

బరువులు మానొద్దు, వయసు మీద పడేకొద్దీ కండకు అవే దిక్కు. ఎత్తేటప్పుడు నోటితో ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. పన్నెండు, పదిహేను సార్లు ఎత్తగలిగే బరువే పెట్టండి. ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, ట్రైనర్ ‘‘ఇంకొక్కటి సార్, ఇంకొక్కటి’’ అంటుంటాడే, ఆ ఇంకొక్కటి వద్దు. బీపీ అదుపులో లేనివాళ్ళు యోగాలో శీర్షాసనం, గట్టిగా ఊపిరి బంధించే కుంభకం కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

6. చివరి కిలోమీటరు

ఇందాక చెప్పిన అమెరికా లెక్కలో ఇంకో సంగతి ఉంది. గుండె ఆగిన ఘటనలు ఎక్కువగా పరుగు చివరి పావు భాగంలోనే జరిగాయి. అక్కడే కదా మనం చేసేది? ఫ్లైఓవర్లెక్కి దిగి కాళ్ళు పీక్కుపోయి ఉంటాయి. దూరంగా ఫినిష్ బోర్డు, ఫొటోగ్రాఫరు కనిపిస్తారు. పక్కనుంచి మన వయసువాడే ఒకడు దాటబోతాడు. అంతే, ఎక్కడ దాచుకున్నామో తెలియని వేగం బయటికొస్తుంది. ప్రాక్టీసులో ఎప్పుడూ చేయని ఆ స్ప్రింటు రేసులో చేయకండి. చేసి తీరాలనుకుంటే నెలల ముందు నుంచి కొద్దికొద్దిగా అలవాటు చేసుకోండి.

గీత దాటాక టక్కున ఆగిపోవద్దు. పరుగులో పిక్కల కండరాలు కాళ్ళలోని రక్తాన్ని పైకి తోస్తుంటాయి. మీరు ఆగితే అవీ ఆగుతాయి, రక్తం కాళ్ళలో నిలుస్తుంది, బీపీ పడిపోయి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మెడల్ కోసం క్యూలో కదలకుండా నిలబడి కూలబడేది ఇందుకే. పది నిమిషాలు మెల్లగా నడవండి. మెడల్ ఎక్కడికీ పోదు. మొదలుపెట్టేటప్పుడూ అంతే, పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కనివ్వండి, చలికాలం అయితే ఇంకాస్త.

జ్వరం వచ్చి తగ్గిన వారంలో పోటీకి దిగకండి. డెంగీ, ఫ్లూ, కోవిడ్ లాంటివి కొన్నిసార్లు గుండె కండరాన్నీ తాకుతాయి. కట్టిన ఎంట్రీ ఫీజు పోతే పోయింది.

7. అది గ్యాసేనా?

మన ఊళ్ళలో గుండె నొప్పికి ఇంకో పేరుంది, గ్యాస్. ఛాతీ పట్టేసినట్టుంటే సోడా, వాము, పాంటొప్రజోల్. ఆపైన ‘‘పొద్దున తిన్న బజ్జీలు’’. తేడా ఎలా తెలుస్తుంది? ఒక చిన్న గుర్తు చెబుతా. నొప్పో బరువో నడక వేగం పెంచితే వచ్చి, ఆగితే తగ్గుతోందా? ప్రతిసారీ ఆ ఎత్తు దగ్గరే, ఆ వేగం దగ్గరే వస్తోందా? బజ్జీలకు మీ రూటు మ్యాపు తెలియదు. అది గుండె నుంచి వస్తున్న కబురు, రేపటి పరుగు రద్దు చేసుకుని కార్డియాలజిస్టును కలవండి.

నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. దవడ, ఎడమ చెయ్యి, భుజాల మధ్య, పొట్ట పైభాగం. ఆడవాళ్ళకూ షుగర్ ఉన్నవాళ్ళకూ అసలు నొప్పే లేకుండా ఆయాసం, వికారం, వింత నీరసం మాత్రమే రావచ్చు. మొన్నటిదాకా 34 నిమిషాల్లో అయిన అయిదు కిలోమీటర్లు కారణం లేకుండా 39 పడుతున్నా అది కూడా కబురే. మీ డైరీ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. పరుగు ఆగాక కళ్ళు తిరగడం ఒక ఎత్తు, పరుగెడుతూ ఉండగా స్పృహ తప్పడం ఇంకో ఎత్తు. రెండోది జరిగితే పరీక్షలు పూర్తయ్యేదాకా గ్రౌండు ముఖం చూడకూడదు.

నొప్పో ఛాతీ బరువో తగ్గకుండా నిలిచిపోతే 108. ఆస్పిరిన్ పడనివాళ్ళు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్ళు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలడం మేలు చేస్తుంది, ఫోన్‌లో వాళ్ళను అడిగి వేసుకోండి. పక్కవాడి జేబులోని సార్బిట్రేట్ మాత్రం నాలుక కింద పెట్టుకోకండి. బీపీ ఒక్కసారిగా జారిపోవచ్చు, పడక గది మాత్రలు వాడినవాళ్ళకైతే ప్రాణం మీదికే వస్తుంది. బండి మీరు నడుపుకుంటూ వెళ్ళకండి.

8. ఏ పరీక్షలు? వాటిని ఎంత నమ్మాలి?

ఈసీజీ, కొలెస్ట్రాల్, షుగర్, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చేయించుకోండి. బీపీ ఉంటే ఎకో. పోటీకి దిగే ముందు టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, కావాలో లేదో డాక్టరు నిర్ణయిస్తాడు. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్ళకో 65 లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.

టీఎంటీ పాసయ్యానని స్వీట్లు పంచకండి. అది ముఖ్యంగా రక్తప్రవాహాన్ని అడ్డుకునేంత పెద్ద ఇరుకుల్ని పట్టుకుంటుంది. చిన్న కొవ్వుగడ్డ ఉన్నా తెలియకపోవచ్చు, గుండెపోటు చాలాసార్లు అలాంటిది పగిలే వస్తుంది. మరోవైపు, విశ్రాంతిలో గుండె 46 సార్లే కొట్టుకుంటోందని కొత్త డాక్టరు కంగారుపడితే మీరు కంగారుపడకండి, ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకు అది మామూలే.

ఎక్కువ దూరాల మీద మోజున్నవాళ్ళు గుండె లయ గురించి కూడా తెలుసుకోవాలి. స్వీడన్‌లో వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల స్కీయింగ్ పోటీ ఉంది. అందులో పాల్గొన్న యాభై వేల మందికి పైగా జనాన్ని గమనిస్తే, ఎక్కువసార్లు పోటీ చేసినవాళ్ళలో, బాగా వేగంగా ముగించినవాళ్ళలో గుండె లయ తప్పే సమస్య ఎక్కువగా కనిపించింది. లయ తప్పితే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. బీపీ మిషన్ మీద చిన్న గుండె బొమ్మ వంకరగా మెరుస్తుందే, ఆ గుర్తు మళ్ళీ మళ్ళీ కనిపించినా, ఊరికే కూర్చున్నప్పుడు దడగా ఉన్నా ఈసీజీ తీయించుకోండి.

9. పక్కవాడి చేతులు

ఇన్ని చేసినా ఒక్కోసారి జరగరానిది జరుగుతుంది. అమెరికా లెక్కలో బతికి బయటపడ్డవాళ్ళకు ఎక్కువగా కలిసొచ్చింది పక్కనున్నవాళ్ళు వెంటనే మొదలుపెట్టిన సీపీఆర్. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, కనీసం అయిదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు, అలిసిపోతే చేతులు మారాలి. చదివితే రాదు, బొమ్మ మీద ఒక గంట చేసి చూస్తే వస్తుంది. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఈ ఆదివారం ఆట అయ్యాక, టీ కొట్టు దగ్గర మీ బ్యాచ్‌ను ఒక్క ప్రశ్న అడగండి: మనలో సీపీఆర్ ఎంతమందికి వచ్చు? ఒక్క చెయ్యి కూడా లేవకపోతే, వచ్చే ఆదివారం ఒక గేమ్ తగ్గించుకుని అది నేర్చుకోండి.